బీట్‌రూట్ రుమాలు

ఏమే టామ్‌సిన్ పంతులమ్మా, ఆ కుర్చీలో కూర్చోకు అనేలోపే కూర్చున్నావా? సరే, ఎడమ పక్కకి మాత్రం వాలకు. దాని కాలు నిన్ననే రెండంగుళాలు కోశాను. మీ పెద్దమ్మ అన్నగారు ఆదివారం చాపెల్ నుంచి తిన్నగా ఇక్కడికే వస్తానన్నాడు. నాకు బుద్ధులు చెప్పడం మొదలెట్టగానే దబ్బున పడాలని నా ప్లాను. నువ్వు ముందొచ్చి చెడగొట్టావు.

టీ తాగు. ఉప్పు వెయ్యలేదు, ఒట్టు. చూడు చూడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది! ముప్పై మంది పిల్లలకి చదువు చెప్పే మనిషివి, సొంత పెదనాన్న మీద ఇంత అపనమ్మకమా? పోనీలే. వాసన చూడటం మంచి అలవాటు. ఆ అలవాటు ఈ ఇంట్లో ఇంకొకరికి కూడా ఉండుంటే బాగుండేది.

ఆ ఫోటో ఇలా పెట్టు. కిటికీ వైపు తిప్పు. ఫుట్‌బాల్ క్లబ్బు గోడకి మీ నాన్న బొమ్మ తగిలిస్తున్నారు, నిన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు, నవ్వొచ్చేది ఒకటి చెప్పు పెదనాన్నా అని వచ్చావు. వచ్చి, ఫోటోలో అందరి చేతుల్లో ఆ మచ్చల రుమాళ్లేంటి అని అడిగావు. ఇరవై రెండేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. తెలిసినవాళ్లు అడగరు, తెలియనివాళ్ల కంటికి ఆనవు.

నవ్వొచ్చేదే చెబుతాను. సగం దాకా.

పందొమ్మిది వందల రెండు, చలికాలం. భూమికి ఈ కొసన చలి మే నెలలోనే దిగుతుందిగా. లేడీ మార్తా గనిలో నేను పైన కొలిమిలో ఉండేవాణ్ణి, మీ నాన్న పాస్కో కింద తొమ్మిది వందల అడుగుల లోతులో. వాడు రాయిలోకి దింపే ఉలులకి పదును పెట్టేది నేనే. మొండి ఉలులు మనుషుల్ని దింపే తాడు బోనులో పైకొచ్చేవి, పదునైనవి బోనులో కిందికెళ్లేవి. అప్పుడే గాలితో తిరిగే కొత్త డ్రిల్లు వచ్చింది. రోజుకి నలభై ఉలులు అరగదీసేది. అంత తెల్లరాయి తినేది. తిన్న రాయంతా పిండయి గాల్లో తేలేది. షిఫ్టు దిగి వాడు పైకొస్తే రొట్టెల కొట్లోంచి వచ్చినట్టుండేవాడు, కనురెప్పలతో సహా తెలుపు.

‘ఏరా పిండిమరా, ఇవాళ ఎన్ని బస్తాలు ఆడించావు?’ అనేవాణ్ణి.

‘మీ ఇంటికి రెండు పంపించాను, చూసుకో,’ అని నా మొహాన దులిపేవాడు.

అదే మనిషి శనివారం మన వైట్‌రీఫ్ ఊరి జట్టు కాన్వాసు చొక్కా తొడుక్కుని ముందు తాళ్లు బిగించుకున్నాడంటే, ముసలమ్మలు కూడా అల్లిక పక్కన పెట్టి కంచె దగ్గరికొచ్చేవాళ్లు. మన ఫుట్‌బాల్లో చేతులు వాడొచ్చుగా, బంతి నేల తాకకముందే గాల్లో పట్టినవాడికి, ఎవరూ అడ్డం రాకుండా ఒక తన్ను దక్కుతుంది. ఆ పట్టు కోసం అందరూ ఎగురుతారు. వాడు ఎగిరేవాడు కాదు, ఎక్కేవాడు. ముందున్నవాడి వీపు మీద మోకాలు ఆనించి, అక్కణ్ణించి ఇంకో మెట్టుందన్నట్టు పైకి పోయేవాడు. పోయి కాసేపు అక్కడే ఉండేవాడు. కిందున్నవాళ్లు దిగి, బురద తుడుచుకుని, తల పైకెత్తేసరికి ఇంకా దిగుతూ ఉండేవాడు. కొంచెం కలిపి చెబుతున్నానులే. అయినా ఎక్కువ కాదు.

చిక్కల్లా షిఫ్టు మేస్త్రీ బొలిథోతోనే. శనివారం మధ్యాహ్నం షిఫ్టు ఆయనది. చాపెల్ మనిషి. ‘దేవుడు కాళ్లిచ్చింది మోకరించడానికి, గాలి తిత్తిని తన్నడానికి కాదు’ అనేవాడు. పెళ్లన్నా వదలడు, చావన్నా వదలడు. ఒక్క దగ్గేవాణ్ణి మాత్రం బోనెక్కనివ్వడు.

ఆ మాట విన్నాక నా బుర్ర ఊరుకుంటుందా? మీ పెద్దమ్మ లవ్‌డే అల్మారాలో బీట్‌రూట్ ఊరవేసిన గాజు జాడీలు ఆరు వరసగా ఉన్నాయి. ఒకటి ఎత్తాను. వెనిగర్లో ఊరి ఊరి ఆ రసం ఎలా ఉందంటే, పంది గొంతు కోసినప్పుడు కూడా నెత్తురు అంత బాగా రాదు.

మే నెల మొదటి శనివారం. గనిలో బట్టలు మార్చుకునే షెడ్డు. బొలిథో జాబితా పట్టుకుని నిలబడ్డాడు. నేను ఏడుపు మొహం పెట్టుకుని వెళ్లాను.

‘మేస్త్రీ గారూ, మా తమ్ముడి పని అయిపోయిందండీ.’

‘ఏమైంది?’

పాస్కో ముందుకొచ్చాడు. దగ్గాడు చూడు, గోడకి తగిలించిన టోపీ ఊడిపడింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, విప్పి చూపించాడు. నడిమధ్యన అరచేతంత ఎర్రటి మచ్చ.

బొలిథో ఆ రుమాలు తీసుకుని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. మొహం దాదాపు అందులో పెట్టేశాడు. చూపు ఆనడం లేదు పాపం అనుకున్నా.

‘ఎప్పట్నించి?’

‘ఇవాళ పొద్దున్నించండీ,’ అన్నాడు పాస్కో, నీరసంగా.

‘ఆట ఎన్నింటికి అయిపోతుంది?’

‘పావు తక్కువ అయిదుకండీ.’ చటుక్కున అనేసి నాలిక్కరుచుకున్నాడు.

‘అయితే అయిదింటికల్లా తగ్గిపోతుంది. పో.’ బొలిథో మీసం కింద ఏదో కదిలింది. షెడ్డంతా గొల్లుమంది. నలభై మంది గని కూలీలు సోమవారం దాకా ఇదే చెప్పుకున్నారు.

ఆ రోజు మొదటి గోలు పడగానే, గోలు అంపైరు తెల్లకోటు వేసుకుని రెండు తెల్ల జెండాలు ఊపాడు. మనకెందుకుండకూడదు జెండా అనిపించింది. పాస్కో కోటు జేబులోంచి ఆ రుమాలు లాగి, కర్రకి కట్టి, కంచె ఎక్కి ఊపాను. ‘బీట్‌రూటో!’ అని కేకేశాను. పక్కనున్నవాళ్లు అందుకున్నారు. రెండో వారానికి పదిమంది సొంత రుమాళ్లు బీట్‌రూట్లో ముంచుకొచ్చారు. జూన్ వచ్చేసరికి ఊరంతా. చాపెల్ ఆడవాళ్లు లేసు రుమాళ్లు పాడుచేసుకున్నారు. తోటల దగ్గరుండే ఆలుక్ అనే చైనా ముసలాయన బీట్‌రూట్ ఇంకో రెండు మళ్లు వేశాడు. మనవాళ్లు గోలు కొడితే చాలు, మైదానం చుట్టూ మశూచికం పోసినట్టు ఎర్రమచ్చలు లేచేవి.

జాడీ నేను మొదటి వారమే మీ ఇంట్లో పెట్టేశాను. ‘ప్రతి శనివారం రుమాలు నువ్వే ముంచుకో, నా కొంపకి రాకు,’ అన్నాను. ‘మీ వదిన చూసిందంటే నన్నే ఊరగాయ పెడుతుంది.’

‘నిన్ను ఊరేస్తే ఎవరు తింటారన్నా? కుక్క కూడా ముట్టదు,’ అన్నాడు. జాడీ మీ అమ్మ థిర్జాకిచ్చాడు. ఆవిడ దాన్ని పొయ్యి పైనున్న బల్ల మీద పెట్టింది. అప్పటికే నువ్వు ఆవిడ కడుపులో ఉన్నావు, మాకింకా చెప్పలేదు.

ప్రతి శనివారం అదే తంతు. పాస్కో దగ్గేవాడు, రుమాలు విప్పేవాడు, బొలిథో కళ్ల దగ్గర పెట్టుకుని చూసేవాడు. షెడ్డంతా ఊపిరి బిగబట్టి ఆ ముసలాయన ఏమంటాడా అని చూసేది. రెండో వారం కూడా ఏదో చమత్కారం ఆడాడనుకుంటాను. ఆ తర్వాత ఆడలేదు. ‘పో’ అనేవాడు, అంతే. ఒకే జోకుకి ఎన్నిసార్లు నవ్వుతాడులే, పెద్దమనిషి, విసుగు పుట్టిందనుకున్నా.

మీ నాన్న నటన మాత్రం వారం వారం ముదిరింది. మొదట్లో దగ్గడానికి ముందు నాకు కన్నుకొట్టేవాడు. తర్వాత అదీ మానేశాడు. వంగి, మోకాళ్లు పట్టుకుని, నిజంగా పోతున్నవాడిలా దగ్గేవాడు. ‘మెల్‌బోర్న్ వెళ్లి నాటకాల్లో చేరరా, ఇక్కడెందుకు?’ అని నేను చప్పట్లు కొట్టేవాణ్ణి. చప్పట్లు కొట్టానే. ఈ చేతులతోనే.

ఆటకి ముందు ఆటగాళ్లకి యూకలిప్టస్ నూనె రుద్దే పని నాది. జూన్ ఆఖరున అనుకుంటా, వాణ్ణి బల్ల మీద బోర్లా పడుకోబెట్టి వీపు రుద్దుతున్నా.

‘ఏరా, మీ ఆవిడ తిండి పెట్టడం మానేసిందా? పక్కటెముకల మీద పియానో వాయించొచ్చు.’

‘వాయించు. చాపెల్ పాట మాత్రం వద్దు.’

‘కొంచెం లేత మాంసం తినరా.’

‘నెమ్మదిగా రుద్దన్నా. కింద అలాగే ఉంచు చెయ్యి. వెచ్చగా ఉంది,’ అన్నాడు.

ఉంచాను. పళ్లెంలో బఠానీలు దొర్లించినట్టు లోపల ఏదో గరగరమంది. నిన్న రాత్రి మాంసం కూరిన పేస్టీలో ఉల్లిపాయ ఎక్కువైందిరా నీకు, అన్నాను. వాడు బల్లలోకే నవ్వాడు.

ఆటా మారింది. అంతకుముందు మైదానమంతా కుందేలులా తిరిగేవాడు, ఇప్పుడు గోలు ముందు స్తంభంలా నిలబడ్డాడు. క్వార్టరుకి, అంటే ఆటలో పావు భాగానికి, ఒక్కసారి ఎగిరేవాడు. ఆ ఒక్కసారికీ పట్టు తప్పేది కాదు. ‘తెలివి మీరిపోయాడురా పాస్కో, ఒళ్లు దాచుకుని ఆడుతున్నాడు,’ అన్నారు జనం. వాళ్లలో అందరికంటే గట్టిగా అన్నది నేను.

జులైలో, నేల మీద మంచు పలకలు కట్టిన ఒక పొద్దున, మీ అమ్మ కొలిమికొచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. గుమ్మంలోనే నిలబడింది.

‘బావగారూ, ఆ జెండా ఊపడం మానెయ్యండి.’

‘ఏం థిర్జా, పాస్టరుగారు ఏమన్నా అన్నాడా?’

‘ఎవరూ ఏమీ అనలేదు. నాకు బాగాలేదు చూడటానికి.’

‘నీకు కాదమ్మా, నీ కడుపులోవాడికి బాగాలేదు. వాడు మన పగవాళ్లు, డ్రై క్రీక్ జట్టువాడేమో కనుక్కో.’

నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. సమ్మెట వైపు, నిప్పుల వైపు, నా పెద్ద బొజ్జ వైపు చూసింది. ఏదో అనబోయి నోరు మూసుకుంది. ‘ఒట్టేశాను,’ అంది, తనలో తాను అన్నట్టు. వెనక్కి తిరిగి మంచు మీద జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ పోయింది. దేని మీద ఒట్టు, ఎవరికి ఒట్టు అని అడగాలి కదా మనిషన్నవాడు. నేను ఆ మధ్యాహ్నం కొలిమివాళ్లందరికీ ఆవిడ నడకని అనుకరించి చూపించాను.

ఆగస్టులో తుమ్మలు పచ్చగా పూసిన వేళకి మెల్‌బోర్న్ నుంచి ఒక పెద్దమనిషి దిగాడు. అక్కడి పెద్ద జట్టు మనిషి. బూట్లకి బురదంటకుండా పలక మీద నిలబడి ఆట చూశాడు. పాస్కో ఆ రోజు నాలుగుసార్లు ఎగిరాడు. నాలుగు గోల్స్. ఆట కాగానే ఆయన మైదానం పక్కనున్న ఆటగాళ్ల షెడ్డులోకొచ్చి టోపీ తీశాడు.

‘మీలాంటివాణ్ణి నేను చూళ్లేదండీ. వచ్చే సీజను మాకాడండి. అక్టోబరు ఒకటి నుంచి బీరు కంపెనీ లాయంలో పని. గుర్రాలు, బళ్లు. అంతా నేల పైనే.’

‘నేల పైనా?’ అన్నాడు పాస్కో.

‘పైనే. రోజంతా ఆరుబయట.’

మీ నాన్న మొహం అప్పుడు చూడాలి టామ్‌సిన్. వాడికి అన్నం పెట్టి, నీళ్లిచ్చి, పక్క వేసినట్టయింది. ఏదో చెప్పబోయాడు. చెప్పబోతే దగ్గొచ్చింది. వంగిపోయాడు. రుమాలు నోటి దగ్గరికి పోయింది. తీసేసరికి మెల్‌బోర్న్ ఆయన చూడనే చూశాడు. చూసి ఒకడుగు వెనక్కేశాడు.

‘ఇదేంటి?’

పాస్కో నా వైపు చూశాడు. ఆ చూపు ఈ రోజుక్కూడా నాకు గుర్తే. ‘కాపాడన్నా’ అని అడుగుతున్నాడు. కాపాడాను మరి! మన బుర్ర ఎందుకుంది? ఒకడి తిండి డబ్బాలోంచి ఊరిన బీట్‌రూట్ ముక్క తీసి, ఆయన ముందే కరకర నమిలి, మూతి నిండా ఎరుపు పూసుకుని, ‘అయ్యో, నేనూ పోతున్నానండోయ్!’ అని కింద పడి కాళ్లు కొట్టుకున్నాను. షెడ్డు పైకప్పు ఎగిరిపోయింది. బయట కంచె మీదున్న జనం రుమాళ్లు లోపలికి చాపి ఊపారు. ‘బీట్‌రూటో!’

మెల్‌బోర్న్ ఆయనకి విషయం చెప్పేసరికి కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. పాస్కో చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. ‘మీ అన్నగారిని కూడా పంపించండి, మాకు కాలక్షేపం,’ అన్నాడు.

‘ఆయన్ని భరించాలంటే మీకింకా పెద్ద మైదానం కావాలండీ,’ అన్నాడు మీ నాన్న.

ఇంటికి నడుస్తుంటే నా భుజం మీద చెయ్యేశాడు. ఎప్పుడూ వెయ్యడు. బరువుగా వేశాడు, సగం దూరం నేనే మోసినట్టుంది.

‘సెప్టెంబరు ఆఖరుదాకా నిలబడితే చాలన్నా,’ అన్నాడు.

‘ఏం నిలబడాలి?’

‘జట్టు.’

‘నిలబడకేం? నువ్వున్నావుగా,’ అన్నాను.

సెప్టెంబరు ఇరవై, డ్రై క్రీక్‌తో ఆఖరాట. గనికి ఆ పూట సెలవిచ్చారు, దొరలు కూడా ఆట చూడాలిగా. బొలిథో వచ్చాడు. ఆయన మైదానానికి రావడం అదే మొదలు. కంచెకి ఆ మూల, ఒక్కడే, గొడుగు పట్టుకుని.

వాన ఉదయం నుంచీ పట్టిపట్టి కురిసింది. బంతి సబ్బు ముక్కలా జారుతోంది. ఆఖరు క్వార్టరులో నాలుగు పాయింట్లు వెనకున్నాం. గోలు పడితే ఆరు. గంట కొట్టేవాడు తాడు పట్టుకుని గడియారం వైపు చూస్తున్నాడు. అప్పుడు మధ్యలోంచి ఎవడో గుడ్డిగా ఒక తన్ను తన్నాడు. బంతి ఆకాశంలోకి లేచి, గోలుకి నలభై గజాల దూరంలో దిగుతోంది. కింద అయిదారుగురు గుంపు. మీ నాన్న ఆ గుంపు వెనక నుంచి నడుస్తూ వచ్చాడు. పరిగెత్తలేదు. నడిచి, ఒకడి నడుం మీద మోకాలు పెట్టి ఎక్కాడు.

పట్టాడు. కిందపడ్డాడు. బంతి గుండెకి హత్తుకునే ఉంది. గంట మోగింది.

గంట మోగినా ఆ తన్ను వాడిదే. మైదానం మొత్తానికి ఇక ఆ ఒక్క తన్నే మిగిలింది. వాడు లేవడానికి చాలాసేపు పట్టింది. లేచి మడమతో నేల తవ్వి, బంతిని నిలబెట్టాడు. ఏడడుగులు వెనక్కి నడిచాడు. నిలబడ్డాడు. సాక్సులోంచి రుమాలు తీసి నోటికి పెట్టుకుని దగ్గాడు.

రెండు వేలమంది పగలబడి నవ్వారు. అంత ఉత్కంఠలో వీడు జోకేస్తున్నాడే అని. నేనైతే కంచె మీద నుంచి జారిపోయాను. ‘చూశారా మా వాణ్ణి!’ అని అరిచాను. ‘ఎవరి కోసంరా ఆ దగ్గు, ఇవాళ సెలవేగా!’

వాడు రుమాలు మళ్లీ సాక్సులో దోపుకున్నాడు. ఏడడుగులు వేసి తన్నాడు. బంతి రెండు పొడుగు కొయ్యల మధ్య నుంచి తాపీగా పోయింది, ఇంటికి పోతున్న ఆవులాగా. తెల్లకోటువాడు రెండు జెండాలూ ఎత్తాడు.

ఇక ఏముంది! మైదానం ఎర్రమచ్చలయిపోయింది. వాణ్ణి భుజాలకెత్తుకున్నారు. నేను దూరి వాడి సాక్సులోంచి రుమాలు లాగబోయాను, వాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

‘ఇది వద్దన్నా.’

‘ఇవ్వరా పిసినారీ! ఆఖరి జెండా!’ లాక్కున్నాను. తడిగా ఉంది. వెచ్చగా కూడా ఉంది. చెమటనుకున్నాను. కర్రకి కట్టి ఎత్తాను.

ఫోటో అప్పుడు తీసిందే. ఇదిగో, నడుమ కుర్చీలో మీ నాన్న, నోరు గట్టిగా మూసుకుని. చుట్టూ జట్టు. వెనక ఊరు. అందరి చేతుల్లో రుమాళ్లు. ఫోటో మనిషి ‘కదలకండి’ అన్నాడు, కదల్లేదు.

అది కాగానే వాణ్ణి మైదానం చివర వేసిన గుడారంలోకి తీసుకెళ్లారు. నేను ఇంకా జెండా ఊపుతూనే ఉన్నాను. బొలిథో జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికొచ్చాడు. గొడుగు మూసి, టోపీ చేత్తో పట్టుకున్నాడు. నెత్తి మీద వాన పడుతోంది.

‘జేబెజ్, ఆ గుడ్డ ఇలా ఇయ్యి.’

‘ఏం మేస్త్రీ గారూ, మీకూ పిచ్చి పట్టిందా? ఊపండి ఊపండి!’

ఆయన ఊపలేదు. కర్ర నుంచి ముడి విప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు తట్టింది నాకు, ఆయన అన్నాళ్లూ చూడలేదు, వాసన చూశాడని.

‘మే నెల మొదటి రెండు వారాలూ పుల్లటి వాసనొచ్చిందిరా,’ అన్నాడు. ‘వెనిగరు. మా ఆవిడా పెడుతుందిగా ఊరగాయ. నవ్వొచ్చి వదిలేశాను.’

‘తర్వాత?’

‘మూడో వారం నించి పుల్లటి వాసన లేదు.’

వాన పడుతోంది. ఎవడో నా వీపు మీద చరిచి ‘బీట్‌రూటో’ అని పోయాడు.

‘మరెందుకు వదిలారు వాణ్ణి?’ అన్నాను.

‘శనివారం ఒక షిఫ్టు దుమ్మయినా తగ్గుతుందని.’ రుమాలు నాలుగు మడతలు పెట్టాడు. ‘నా చేతిలో ఉన్నదంతే. పైన ఉన్న పని ఒక్కటే, కొలిమి. అది నీది. జులైలో వాణ్ణి పిలిచి అడిగాను. కొలిమిలోకి రా, మీ అన్నని డ్రిల్లు మీద వేస్తాను అన్నాను. నవ్వాడు. మా అన్నకి దుమ్ము పడదండీ, తుమ్మితే జోకు మర్చిపోతాడు అన్నాడు. సెప్టెంబరు దాటితే నేనెలాగూ పైకే పోతున్నా అన్నాడు.’

నేను ఖాళీ కర్ర కిందికి దించాను.

‘నీకు తెలుసనుకున్నాన్రా జేబెజ్,’ అన్నాడు బొలిథో. ‘తెలిసే, గుండె రాయి చేసుకుని నలుగుర్నీ నవ్విస్తున్నావనుకున్నా. ఆదివారాలు చాపెల్లో నీ కోసం కూడా ప్రార్థన చేసేవాణ్ణి.’

ఆ మడత నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నేనూ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. యూకలిప్టస్ నూనె తప్ప నాకేమీ తెలియలేదు. సీజనంతా నా చేతులకి అదే వాసన.

నేను గుడారంలోకి పోలేదు. మీ ఇంటికి పోయాను. మీ అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది, ఆటకి రాలేదు. నన్ను చూసి ఏమీ అడగలేదు. పైబల్ల మీది జాడీ తీసి నా ముందు పెట్టింది. మూత చుట్టూ దుమ్ము. విప్పాను. ముక్కలు ముక్కల్లాగే ఉన్నాయి. రసం అంచు నుంచి రెండు వేళ్ల మందం తగ్గింది. రెండు శనివారాలకి సరిపడా.

‘చెప్పొద్దని మీ మీదే ఒట్టు వేయించుకున్నారు బావగారూ,’ అంది.

ఆ సోమవారమే నేను బొలిథో దగ్గరికెళ్లి, కొలిమి మా తమ్ముడికివ్వండి, నేను దిగుతాను అన్నాను. ఆయన జాబితా వైపు చూసి, ‘ఇప్పుడా?’ అన్నాడు, అంతే.

అక్టోబరు ఒకటిన మెల్‌బోర్న్ బండి పొద్దున ఏడింటికెళ్లింది. మీ నాన్న మంచం మీద నుంచే దాని కూత విన్నాడు. నేను పక్కనే కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి నాకు జోకు దొరకలేదు. వాడే నా అవస్థ చూసి, ‘ఏదైనా ఒకటి చెప్పన్నా, ఇల్లంతా చాపెల్లా ఉంది,’ అన్నాడు. చెప్పలేకపోయాను. నవంబరులో పోయాడు. నువ్వు డిసెంబరులో వచ్చావు. పుట్టగానే దగ్గావు, మేమందరం చచ్చినంత పనైంది. తీరా చూస్తే ఏడుపు.

టీ చల్లారిపోయింది కదూ. ఇలా ఇవ్వు, వేడి చేసి తెస్తాను.

క్లబ్బులో నువ్వు మొదటి సగమే చెప్పు. బొలిథో మేస్త్రీని మోసం చేశామని చెప్పు, మెల్‌బోర్న్ దొరని మోసం చేశామని చెప్పు. జనం బాగా నవ్వుతారు. ఎవరైనా ఫోటో వైపు వేలు చూపించి, ఇంతమందిలో నిజంగా మోసపోయిందెవరమ్మా అని అడిగితే మాత్రం వెతుక్కోనక్కర్లేదు. అదిగో, వెనక వరసలో, కర్రకి కట్టిన గుడ్డ అందరికంటే పైకెత్తి, ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతున్నాడు చూడు, ఆ లావుపాటివాడు.